మార్చిన మోకాలు ఎన్నేళ్లు వస్తుంది?

గోదావరి జిల్లాల్లో మోకాలి ఆపరేషన్ మాట వచ్చిందంటే మొదట అడిగేది ఖర్చు, ఆ వెంటనే "ఎన్నేళ్లు వస్తుందండీ?" అని. ఖర్చు సంగతి 2017 ఆగస్టులో కొంత తేలింది. అప్పటిదాకా సగటున లక్షన్నర పైన ఎమ్మార్పీ ఉన్న కోబాల్ట్ క్రోమియం అనే మిశ్రమ లోహపు కీలుకు కేంద్రం 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం అని గరిష్ఠ ధర కట్టింది. రెండో ప్రశ్నకు జవాబు రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1890 ప్రాంతంలో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే సర్జన్ క్షయతో పాడైన మోకాళ్లకు ఏనుగు దంతంతో చేసిన కీళ్లు అమర్చాడు. చీము పట్టి అవి నిలవలేదు. 1950లలో వచ్చిన లోహపు కీళ్లు తలుపు బందులా ఒకే ఇరుసు మీద తిరిగేవి. అసలు మోకాలు అలా తిరగదు. వంగేటప్పుడు దొర్లుతుంది, జారుతుంది, కాస్త మెలి కూడా తిరుగుతుంది. ఆ ఒత్తిడంతా ఎముక మీద పడి అవి వదులైపోయేవి. 1968లో ఇంగ్లండ్‌లో తుంటి కీలు మార్పిడికి పేరుపడ్డ సర్జన్ జాన్ చార్న్‌లీ దగ్గర పనిచేసిన ఫ్రాంక్ గన్‌స్టన్ బందు తీసేసి, లోహం, ప్లాస్టిక్, ఎముక సిమెంటుతో కొత్త దారి చూపాడు. 1974లో న్యూయార్క్‌లో ఇన్సాల్, వాకర్, మన దేశంలో పుట్టిన చిత్తరంజన్ రణావత్ కలిసి చేసిన నమూనాయే ఇవాళ్టి మోకాళ్లకు మూలం. తొడ ఎముక చివరకు లోహపు తొడుగు, కింది ఎముక మీద పలక, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల.

తర్వాత చాలాకాలం ఇబ్బంది పెట్టింది ఆ బిళ్లే. అది అరిగి రాలిన పొడి చుట్టూ ఎముకను తినేసేది. ప్లాస్టిక్ తయారీ, శుద్ధి పద్ధతులు మారాక ఆ బాధ బాగా తగ్గింది.

1975లో స్వీడన్ ప్రతి మోకాలి ఆపరేషన్‌నూ రిజిస్టర్‌లో రాయడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఏ కొత్త లోహం కన్నా ఇదే పెద్ద మేలు. మిగతా దేశాలూ అదే బాట పట్టాయి. ఫిన్లాండ్, ఆస్ట్రేలియా రిజిస్టర్ల లెక్కతో 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రిక చెప్పిందేమిటంటే, పూర్తిగా మార్చిన మోకాళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. వయసును బట్టి ఇది మారుతుంది. బ్రిటన్ లెక్కల్లో 70 దాటాక చేయించుకున్నవాళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది సుమారు 5 శాతానికే. యాభైల మొదట్లో చేయించుకున్న మగవాళ్లలో అది 35 శాతం దాకా ఉంది.

అయితే రిజిస్టర్ లెక్కపెట్టేది మళ్లీ కోయాల్సి వచ్చిందా లేదా అన్నదే. కీలు చెక్కుచెదరకపోయినా, ఐదుగురిలో ఒకరికి నొప్పి మిగిలిపోతోందని వేరే అధ్యయనాలు చెబుతున్నాయి. ఊడ్పుల్లో, కలుపుల్లో మోకాళ్లు అరగదీసుకున్న కోనసీమ ఆడమనిషికి అసలు ప్రశ్న అదే. మళ్లీ చేలో దిగగలనా, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలనా? సాధారణంగా గొంతుక్కూర్చోవద్దనే డాక్టర్లు చెబుతారు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే ఆమెకు విడమరిచి చెప్పాలి.

మన దేశంలో కీళ్ల సర్జన్ల సంఘం నడిపే రిజిస్టర్ ఉంది కానీ రాయాలన్న నిర్బంధం లేదు. విజయవాడలో ఆపరేషన్, భీమవరంలో ఎక్స్‌రే, నొప్పొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ సూది. ఇలా సాగితే మన డెల్టా మోకాళ్లు ఎన్నేళ్లు నిలిచాయో ఎవరు చెప్పగలరు? ప్రభుత్వం డబ్బు కట్టే ప్రతి ఆపరేషన్‌కైనా నమోదు తప్పనిసరి చేయాలి. అప్పటిదాకా కీలు కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ల జిరాక్సు అడిగి తీసుకుని డిశ్చార్జ్ కాగితాలతో దాచుకోండి. రెండోసారి చేసే సర్జన్‌కు అవే ఆధారం.

ఏళ్ల తరబడి బాగున్న మోకాలు ఉన్నట్టుండి వాచి, వేడెక్కితే ఊళ్లో సూది వేయించుకోకండి. ముందు కీలులో నీరు తీసి పరీక్షించాలి. అంతకుముందే యాంటీబయాటిక్ పడితే ఏ క్రిమి చేరిందో పట్టుకోవడం కష్టమవుతుంది.