పహాణీలోంచి పోయిన ఒక్క కాలమ్

తెలంగాణ సర్కారు సాగు పెట్టుబడికి ఇచ్చే రైతు భరోసా డబ్బులు పడ్డాయా లేదా అన్న మాట ఊళ్లో మొదలైతే చాలు, దాని వెనకే కౌలు రైతుల గొడవా లేస్తుంది. ఈసారీ అంతే. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసేవారు, దేవరకొండ, అచ్చంపేట వైపు పత్తి పెట్టేవారు అడిగేది ఒకటే. చేను మేం చేస్తుంటే పైసలు ఎవరి ఖాతాలో పడుతున్నాయి?

జాగీర్ల కాలం నుంచి చెప్పుకు రానక్కర్లేదు, నల్లగొండలో ఆ కథ తెలియనివారు లేరు. ఇప్పటి గొడవకు మూలం 2017 సెప్టెంబరులో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన. అంతకుముందు పహాణీలో, అంటే ఊరి భూముల సాగు రికార్డులో, పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు కాలమ్ కూడా ఉండేది. భూమి ఎవరిది, చేస్తున్నది ఎవరు అని ఆ కాగితం విడివిడిగా అడిగేది. ప్రక్షాళనలో ఆ కాలమ్ తీసేశారు. 2020 చట్టంతో ధరణి పోర్టల్ వచ్చాక ఇక దానికి చోటే లేకుండా పోయింది.

సరిగ్గా ఆ కాలమ్ పోయాకే, 2018 మే 10న, ఇప్పటి రైతు భరోసాకు ముందున్న పెట్టుబడి సాయం, రైతు బంధు వచ్చింది. సీజన్‌కు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. 20 ఎకరాలు కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉంటున్న పట్టాదారుకు ఏడాదికి 2 లక్షలు వచ్చేవి, కౌలు డబ్బులు వేరే. కౌలుదారు మాత్రం ముందే కౌలు కట్టాలి, ఎరువుల దుకాణంలో అప్పు రాయించాలి, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ మోయాలి. పాసుపుస్తకం లేదు కాబట్టి బ్యాంకులో పంట రుణం లేదు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 5 లక్షల రైతు బీమా కూడా పట్టాదారుకే. అప్పుల పాలై కౌలు రైతు ప్రాణం తీసుకుంటే, ఆ ఇంటికి ఆ 5 లక్షలు రావు. ఈ లెక్కలో నన్ను అన్నిటికంటే కలచివేసేది ఇదే.

కౌలు అన్నది ఇద్దరి మధ్య ఒప్పందం, ప్రభుత్వం తలదూర్చదు అని అప్పటి సర్కారు అన్నది. 1950 నాటి రక్షిత కౌలుదారు చట్టం గుర్తున్న పట్టాదారులకు, కాగితం మీద కౌలుదారు పేరెక్కితే భూమి పోతుందన్న భయమూ ఉంది. మేస్త్రీ వెంట వలస పోతూ రెండెకరాల చెలక కౌలుకిచ్చే పాలమూరు కుటుంబం భయం అర్థమవుతుంది. 20 ఎకరాల ఆసామికి ఆ సాకు వర్తించదు.

2022 మే 6న వరంగల్‌లో కాంగ్రెస్ ఇచ్చిన మాట, రైతులకూ కౌలు రైతులకూ ఎకరానికి ఏడాదికి 15 వేలు. 2025 జనవరి 26న కోస్గి మండలం చంద్రవంచలో రైతు భరోసా మొదలైంది. అది 12 వేలు, పాసుపుస్తకం ఉన్నవారికే. భూమి లేని కూలీ కుటుంబాలకు, ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉంటే, ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12 వేలు అన్నారు. సొంతానికి 20 గుంటలుండి, మరో నాలుగెకరాలు కౌలుకు చేసే మనిషికి వచ్చేది 6 వేలు. ఆ 20 గుంటల వల్లే ఆయన భూమి లేనివాడి కింద లెక్కకు రాడు.

కౌలు రైతును అధికారికంగా గుర్తించే దారి లేదన్నది మాత్రం నిజం కాదు. కౌలు రైతుకు ఏడాది పాటు రుణ అర్హత కార్డు ఇచ్చే 2011 చట్టం ఉంది. ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదని అందులోనే రాసి ఉంది. రాష్ట్రం వచ్చాక ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. కార్డులు ఇవ్వడం మాత్రం ఆపేశారు.