"దేవుడే క్షమించాడు, ఈవిడే వదలట్లేదు": అపోహలు, వాస్తవాలు

పాస్టరుగా, వ్యభిచారం బయటపడ్డ ఇళ్లలో భర్తల నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే. "దేవుడే క్షమించాడు అయ్యగారూ, ఈవిడే ఇంకా పట్టుకు వేలాడుతోంది." ఈ నెలలోనే రెండుసార్లు విన్నాను.

అపోహ: పశ్చాత్తాపపడితే పర్యవసానాలూ పోతాయి.

పోవు. బైబిల్లో 2 సమూయేలు 12వ అధ్యాయం తీయండి. ఊరియా అనే సైనికుడి భార్యతో వ్యభిచరించి, తప్పు ఒప్పుకున్న దావీదు రాజుతో, దేవుడు నీ పాపం తీసేశాడు, నువ్వు చావవు అంటాడు నాతాను ప్రవక్త. ఆ వెంటనే, ఆమెకు పుట్టిన బిడ్డ మాత్రం చనిపోతాడంటాడు. తర్వాతి అధ్యాయంలో దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును చెరిస్తే దావీదుకు కోపం వచ్చిందని ఉంది, కొడుకును శిక్షించాడని లేదు. ఊరియా భార్యను తెచ్చుకున్న తండ్రికి అక్కడ నోరు పెగల్లేదనే నేను చదువుకుంటాను. రెండేళ్లకు తామారు తోడబుట్టిన అబ్షాలోము ఆ అన్నను చంపించాడు.

అపోహ: ఆమె క్షమించానంది కదా, ఇక అంతా మామూలే.

ఈ తప్పు నేనూ చేశాను. సేవలో కొత్త. ఒక జంటను వారం తిరక్కుండానే కూర్చోబెట్టి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి పంపేశాను. ఆదివారం చర్చిలో అందరి ముందు సాక్ష్యం కూడా చెప్పించాను, తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆరు నెలలకు ఆమె వచ్చింది. "క్షమించాను అయ్యగారూ. కానీ ఆయన ఫోన్ మోగితే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది." ఆయనేమో ఇంట్లో ఫోన్ ఇంకా బోర్లాయే పెడుతున్నాడట. ఈసారి వాక్యం ఎత్తలేదు. ఆయనతో, ఫోన్ వెల్లకిలా పెట్టు, లాక్ తీసెయ్, ఆలస్యమైతే ఆమె అడక్కముందే చెప్పు అన్నాను. ఆమె టెన్షన్ తగ్గడానికి మూడేళ్లు పట్టింది.

మిగతావి చకచకా. విడాకులు తీసుకోవాల్సిందేనని కొందరు, అసలు కుదరదని కొందరు. భార్యను విడిచిపెట్టొద్దంటూ, వ్యభిచారాన్ని మాత్రం మినహాయించే మత్తయి 19:9లో ఉన్నది మినహాయింపు, ఆజ్ఞ కాదు. 2018లో సుప్రీంకోర్టు, వ్యభిచారాన్ని నేరంగా చూసే 497 సెక్షన్ కొట్టేసింది కాబట్టి అడిగేవాడే లేడని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. నేరం కాదన్నారు, అంతే. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టంలో వ్యభిచారం ఇప్పటికీ విడాకులకు కారణమే.

"ఆయన పాపం నా కూతురికి తగులుతుందా?" అని ఏడుస్తూ అడిగే తల్లులున్నారు. తగలదమ్మా. తండ్రి దోషం బిడ్డ మొయ్యదని చెప్పే యెహెజ్కేలు 18:20 చదువుకో. శాప విమోచన ప్రార్థనలంటూ ఊళ్లు తిరక్కు. నాన్న ఎందుకు వేరే గదిలో పడుకుంటున్నాడని ఆ పిల్ల అడిగినప్పుడు, ఒంట్లో బాగోలేదని మాత్రం అబద్ధం చెప్పకు.