రన్‌వే చివరన ఉన్న ఆకాశం: పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

మొన్న మీలో ఒకరు అడిగిన ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పే టైం దొరకలేదు, అందుకే ఈ ఉత్తరం. "నెల్లూరు దగ్గర దగదర్తికి ఎయిర్‌పోర్టు వస్తుందంటున్నారు, దొనకొండలో పాత రన్‌వే ఉందంటున్నారు, మనలాంటి ఊళ్లకు ఇవన్నీ ఎందుకు తాతయ్యా, ఆ భూమేదో ఇళ్ల స్థలాలకు ఇస్తే పేదోళ్లన్నా బాగుపడతారు కదా" అని అడిగారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి, భూమిని చూస్తే నాకు ముందు దాని ఆకారం కనపడుతుంది. ఇళ్ల స్థలాలకు ఈ పక్క కాకపోతే ఆ పక్క రెండెకరాలు దొరుకుతాయి. రన్‌వేకి కావాల్సింది కిలోమీటరున్నర నుంచి రెండున్నర కిలోమీటర్ల పొడవున, వంకర లేకుండా, మధ్యలో వాగూ ఊరూ రోడ్డూ అడ్డు రాకుండా ఒకే మట్టంలో ఉండే నేల. అది ముక్కలైపోయిందా, మళ్లీ అతికించడం మహా కష్టం.

దొనకొండ సంగతి మీకు పూర్తిగా తెలియదనుకుంటా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ వాళ్లు అక్కడ విమానాలు దిగడానికి ఏర్పాటు చేశారు. గుంటూరు, గుంతకల్లు రైలు మార్గంలో దొనకొండ అప్పట్లో పేరున్న స్టేషను. యుద్ధం ముగిసింది, విమానాలు పోయాయి, నేల మిగిలింది. ఇప్పటికీ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కింద సుమారు 136 ఎకరాలు ఉందక్కడ. వెళ్లి చూస్తే విమానాశ్రయం అనిపించేది ఏమీ ఉండదు. చిల్లకంప, గొర్రెలు, పగుళ్లిచ్చిన పాత పొర, ఆ పగుళ్లలో మొలిచిన గడ్డి. కానీ కంపను తప్పించుకుని ఒక చివర నిలబడి రెండో చివర వైపు చూడండి, చూపు ఆగదు. పెద్ద మేడ లేదు, టవర్ లేదు, పొగ గొట్టం లేదు. అక్కడ అసలు విలువైంది ఆ అడ్డులేనితనమే. 136 ఎకరాలతో ఈ రోజుల్లో పూర్తి విమానాశ్రయం కట్టలేరు, నిజమే, ఇంకా భూమి కలపాలి. కలపడానికి పక్కన ఖాళీ ఉండాలి కదా. రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధాని దొనకొండకు వస్తుందన్న ఒక్క మాట మీద చుట్టుపక్కల పొలాల రేట్లు ఎలా ఎగిరాయో మీ నాన్నలను అడగండి. రేపు ఎయిర్‌పోర్టు అని ఎవరైనా గట్టిగా అంటే చాలు, సర్వే రాళ్ల కంటే ముందు వెంచర్ల రాళ్లు పాతుకుంటాయి.

చేతిలో ఉన్న భూమిని కొంచెం కొంచెంగా వదులుకుంటే ఏమవుతుందో తెలియాలంటే వరంగల్ దగ్గర మామునూరు చూడాలి. నిజాం కాలం నాటి విమానాశ్రయం, 1981 దాకా విమానాలు నడిచాయి. ఒకప్పుడు దాని కింద 1,800 ఎకరాలకు పైగా ఉండేది, ఆ అవసరానికీ ఈ అవసరానికీ ఇచ్చుకుంటూ పోతే 700 లోపు మిగిలింది. ఇప్పుడు మళ్లీ ఎయిర్‌పోర్టు కావాలనుకుంటే, 2025లో కేంద్రం అనుమతి కూడా ఇచ్చాక, ఇంకో 250 ఎకరాల పైచిలుకు కోసం కొత్తగా రైతుల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. వెయ్యి ఎకరాలు పోగొట్టుకున్నది ప్రభుత్వం, పొలం ఇవ్వాల్సింది రైతు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంకా దారుణం పంజాబ్‌లో జరిగింది. ఫిరోజ్‌పూర్ జిల్లా ఫత్తువాలాలో ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది, 1962, 1965, 1971 యుద్ధాల్లో మన వాయుసేన వాడుకున్నది. దాన్ని 1997లో ఒక తల్లీ కొడుకూ తమ సొంత భూమని రికార్డుల్లో చూపించి అమ్మేశారని ఆరోపణ. హైకోర్టు గట్టిగా పట్టించుకున్నాక 2025లో గానీ కేసు నమోదు కాలేదు. దేశ రక్షణకు సంబంధించిన నేలకే ఇరవై ఎనిమిదేళ్లు దిక్కు లేకపోతే, చిల్లకంప మొలిచిన మన దొనకొండ లాంటి వాటి గురించి ఎవరు అడుగుతారు? అడిగితే మీరే అడగాలి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, ఇది కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే పెద్దవాళ్లలో కూడా చాలామందికి ఇది తెలియదు. విమానాశ్రయం అంటే ప్రహరీ గోడ లోపలి భూమి ఒక్కటే కాదు. రన్‌వే రెండు చివర్ల నుంచి బయటికి ఏటవాలుగా పైకి లేచే ఆకాశం కూడా అందులో భాగం. విమానం హెలికాప్టర్ లాగా నిలువుగా దిగదు, దూరం నుంచి కొద్దికొద్దిగా కిందికి జారుతూ వస్తుంది. పరికరాల సాయంతో దిగే రన్‌వేలకు ఆ వాలు యాభైకి ఒకటి, అంటే రన్‌వే చివర నుంచి యాభై మీటర్లు దూరం పోతే ఒక్క మీటరు ఎత్తు. లెక్క వేయండి. అర కిలోమీటరు దూరంలో పది మీటర్లు దాటకూడదు. పది మీటర్లంటే ఎంత? కింద ఒకటి, పైన రెండు అంతస్తులు, దాని మీద నీళ్ల ట్యాంకు పెడితే అయిపోయింది. కిలోమీటరు దూరంలో ఇరవై మీటర్లు. సెల్ టవర్లు సాధారణంగా అంతకంటే ఎత్తే ఉంటాయి. అలాగే పెద్ద రన్‌వేల చుట్టూ నాలుగు కిలోమీటర్ల వరకు 45 మీటర్ల ఎత్తు హద్దు ఒకటుంది. వీటికోసం కేంద్రం 2015లో ఎత్తుల మీద ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) లేకుండా ఆ పరిధిలో హద్దు దాటి కట్టకూడదు. విమానాలు తిరిగే చోట ఇది కొంతవరకు అమలవుతుంది. విమానాలు ఆగిపోయిన చోట, ఇంకా రాని చోట పట్టించుకునే వాళ్లుండరు.

ఇప్పుడు ఒక్క మేడ లేచిందనుకోండి. దాన్ని కూలగొట్టించడం ఎవరికీ ఇష్టం ఉండదు, ఓట్లు పోతాయి. అప్పుడేం చేస్తారంటే విమానం దిగే గీతను రన్‌వే లోపలికి జరుపుతారు. కాగితం మీద రన్‌వే అంతే ఉంటుంది, దిగడానికి పనికొచ్చే పొడవు మాత్రం తగ్గిపోతుంది. చిన్న ఊళ్లకు వచ్చే ఏటీఆర్ విమానానికి నిండా జనంతో లేవాలంటే 1,300 మీటర్లకు పైగా కావాలి, అది కూడా చల్లని గాలిలో. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు గాలి పలచబడి రెక్కలకు బలం తగ్గుతుంది, ఇంకా పొడవు కావాలి. పొడవు చాలకపోతే ప్రయాణికులను తగ్గించుకోవాలి, సీట్లు తగ్గితే గిట్టుబాటు కాదు, సర్వీసు ఆపేస్తారు. సర్వీసు ఆగిన ఏడాదికో రెండేళ్లకో ఒక నాయకుడు మైకు పట్టుకుని "విమానాలు రాని ఎయిర్‌పోర్టుకు ఇంత భూమెందుకు" అంటాడు. జనం చప్పట్లు కొడతారు. చిన్న విమానాశ్రయాలు చాలావరకు ఇలాగే పోతాయి, ఎవరూ ఒక్క దెబ్బతో మూసేయరు.

అలా ఒక్క దెబ్బతో మూసేసినది కూడా ఉంది, అమెరికాలో. చికాగోలో సరస్సు ఒడ్డున మెగ్స్ ఫీల్డ్ అని చిన్న ఎయిర్‌పోర్టు ఉండేది, 1948లో మొదలైంది. దాన్ని పార్కు చెయ్యాలని నగర మేయర్ రిచర్డ్ డేలీ పట్టుబట్టాడు. 2003 మార్చి 30 అర్ధరాత్రి బుల్డోజర్లు పంపి రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులుగా గుంతలు తవ్వించాడు. లోపల పదహారు విమానాలు చిక్కుకుపోయాయి, తర్వాత పక్కనున్న టాక్సీవే, అంటే విమానాలు రన్‌వేకి నడిచి వెళ్లే దారి, దాని మీది నుంచే వాటిని లేపుకుపోవాల్సి వచ్చింది. నగరానికి 33,000 డాలర్ల జరిమానా పడింది, తీసుకున్న కేంద్ర నిధుల్లో పది లక్షల డాలర్లు వెనక్కి కట్టారు, కానీ రన్‌వే తిరిగి రాలేదు. కాలిఫోర్నియాలో శాంటా మోనికాది ఇంకో దారి. అక్కడ ఎయిర్‌పోర్టు ముందు వచ్చింది, ఇళ్లు తర్వాత దాని చుట్టూ పెరిగాయి, ఆ ఇళ్లవాళ్లే తర్వాత శబ్దం అన్నారు, పొగ అన్నారు. ఆ బాధ అబద్ధం కాదు, నిద్ర లేనివాడికే తెలుస్తుంది. 2017లో రన్‌వేను దాదాపు 5,000 అడుగుల నుంచి 3,500కు కోసేశారు, 2028 తర్వాత మూసుకునే హక్కు కూడా నగరానికి వచ్చింది. ఇళ్లకు అనుమతులిచ్చే రోజునే అడ్డుపడి ఉంటే ఇటు జనానికీ అటు విమానాలకూ ఈ గొడవ ఉండేది కాదు.

మన దగదర్తికి వద్దాం. నెల్లూరుకూ కావలికీ మధ్య, హైవే పక్కన. 2019 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. ఆ ఏడాది మేలో ప్రభుత్వం మారింది, పని ఆగింది, వేరే చోటికి మారుస్తారన్న మాట నడిచింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, మళ్లీ దగదర్తే అన్నారు. నేను ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. స్థలం బాగుందా లేదా అన్నది గాలి ఎటు వీస్తుంది, నీళ్లు ఎటు పోతాయి, భూమి ఎవరిది అనే వాటి మీద తేలాలి గానీ ఎన్నికల ఫలితాల మీద తేలకూడదు. ఈ లాగుడులో నలిగిపోయింది అక్కడి దామవరం ఊరి చుట్టుపక్కల రైతులు. పొలం అమ్ముకోలేరు, బోరు వేసుకుందామంటే ఉంటుందో పోతుందో తెలియదు, పిల్ల పెళ్లికి అప్పు పుట్టదు. ఎయిర్‌పోర్టు కావాలనే వాళ్లు ముందుగా అడగాల్సింది ఆ రైతుకు పరిహారం మొత్తం అందిందా అని. అది అందకుండా విమానాశ్రయం గురించి మాట్లాడే హక్కు మనకు లేదని నేను అనుకుంటాను.

ఎందుకు కావాలి అన్నారు కదా. 2021 నవంబరు గుర్తు తెచ్చుకోండి, మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. మద్రాసు వైపు వెళ్లే దారులన్నీ ఒకేసారి ఆగిపోయాయి. అలాంటి రాత్రి ఒక గుండె జబ్బు మనిషిని తరలించాలన్నా, మందులు దించాలన్నా నేల మీద దారి లేదు. కొరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన కోసం రన్‌వే లాగా కట్టారు, 2022 డిసెంబర్ 29న యుద్ధ విమానాలతో ట్రయల్ కూడా చేశారు, మంచిదే. కానీ అది వాయుసేన అత్యవసరానికి, ట్రాఫిక్ ఆపితే తప్ప పనికిరాదు. రొయ్యలు చెన్నై దాకా లారీలో పోనక్కర్లేకుండా ఇక్కడే విమానం ఎక్కడం, పైలట్ శిక్షణ మీ ఇంటి దగ్గర దొరకడం, ఇవి కూడా ఉన్నాయి. శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేస్తుంటే మేడలెక్కి చూసే పిల్లలు మీరు, పైలట్ కావాలని మీలో ఎంతమందికి ఉందో నాకు తెలుసు.

ఇంకొక్క మాట, పక్షుల గురించి. ఎయిర్‌పోర్టుకు పది కిలోమీటర్ల లోపు చెత్త పోయడం, జంతువులను కోసి వ్యర్థాలు పారేయడం ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్ ప్రకారం నేరం. మన వైపు చేపల గుంటలకు కోళ్ల వ్యర్థాలు బస్తాల్లో తెచ్చి పోస్తారు, గట్టు మీద కొంగలు, పైన గద్దలు గుంపులుగా తిరుగుతుంటాయి. ఒక్క గద్ద ఇంజన్లో పడితే చాలు. రేపు దగదర్తి మొదలైతే ఇది పెద్ద తలనొప్పి అవుతుంది, ఇప్పటినుంచే ఆపించాలి.

మీరేం చెయ్యగలరంటే, ఫోన్లు మీ చేతుల్లోనే ఉన్నాయి కదా. ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో ఎయిర్‌పోర్టు భూముల సర్వే నంబర్ల అడంగల్ (ఏ పొలం ఎవరిదో చూపే రికార్డు) తీసి చూడండి, పట్టాదారు పేరు మారిందేమో. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో నిషేధిత భూముల జాబితా, 22-ఏ అంటారు, అందులో ఆ నంబర్లు ఉన్నాయో లేదో చూడండి. ప్రభుత్వ భూమి అయ్యుండి ఆ జాబితాలో లేకపోతే వెంటనే కలెక్టర్‌కు అర్జీ పెట్టండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు, గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు. రన్‌వే దారిలో ఏ లేఅవుట్‌కు, ఏ టవర్‌కు అనుమతి ఇచ్చారో, ఎత్తు ఎంతో అడగండి. జవాబును గ్రామ సభలో చదివి వినిపించండి, మినిట్స్ బుక్కులో రాయించండి. రాయకపోతే రాసేదాకా అక్కడే కూర్చోండి.

ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పటం, చూసి హద్దులు గుర్తుపట్టడం రాకపోతే ఆదివారం పొద్దున మా ఇంటికి రండి. పాత మ్యాపులు బయటికి తీసి పెడతాను, స్కేలూ పెన్సిలూ మీరు తెచ్చుకోండి.

మీ
తాతయ్య