చిన్నాన్న తిన్న సంగటి ఏడికి పోయింది?

పోయిన నెల అలిపిరి మెట్లెక్కతా ఉంటే మా చిన్నాన్న గాలిగోపురం దగ్గరే కూలబడిపోయి, "పొద్దన్నే సంగటి, ఊరిబిండి కుమ్మినాను గదరా, అదంతా ఏడికి పోయిందో, కాళ్ళు లేస్తా లేవు" అన్నాడు. అందరం నవ్వినాం గానీ అది మంచి ప్రశ్నే.

కండ పనిచేసేది ఏటీపీ అనే అణువుతో. రెడీగా ఉండేది కొన్ని సెకన్లకే చాలు, అందుకే కణం గ్లూకోజూ కొవ్వూ కాల్చి దాన్ని మళ్ళీమళ్ళీ చేసుకుంటానే ఉంటుంది. మరి ఏది ఎంత కాలింది? రక్తంలో షుగర్ చూస్తే తెలీదు, ఒకపక్క లివర్ పోస్తా ఉంటుంది, ఇంకోపక్క కండ లాగతా ఉంటుంది, మిద్దె మీద ట్యాంకులో నీళ్ళు చూసి మోటర్ ఎంత పోసిందో కొళాయిలు ఎంత లాగినాయో చెప్పమంటే ఎవరు చెప్తారు?

అందుకని గుర్తు పెట్టిన గ్లూకోజ్ ఎక్కిస్తారు. మామూలు కార్బన్ బరువు 12, దానికో బరువైన అన్న ఉన్నాడు, కార్బన్-13, రేడియేషన్ గీడియేషన్ ఏం లేదు, ప్రకృతిలో నూటికి 1.1 వంతు వాడే. వాడితో చేసిన గ్లూకోజ్‌ని సన్నగా నరంలోకి వదిలి, మనిషి ఊపిరిని సంచిలో పట్టి అణువుల బరువు తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఇస్తే కార్బన్ డయాక్సైడ్‌లో వాడెంత ఉండాడో తేలుతుంది. కానీ ఊపిరి ఒళ్ళంతటిదీ కదా, తొడ కండ సంగతి కావాలంటే అక్కడ మత్తిచ్చి బెర్గ్‌స్ట్రోమ్ అనే డాక్టర్ పేరున్న సూదితో నాలుగైదు బియ్యపు గింజలంత ముక్క తీయాల్సిందే (1962లో ఆయన వాడి చూపించినాక ఇది పాపులర్ అయింది, నేనైతే చచ్చినా ఒప్పుకోను). ఆ ముక్కలో గ్లూటమేట్ అనే అమైనో ఆమ్లం చూస్తారు. కణానికి పొయ్యిలాంటి మైటోకాండ్రియా లోపల తిరిగే క్రెబ్స్ చక్రంలోని (గ్లూకోజూ కొవ్వూ చివరికి కాలేది ఈ చక్రంలోనే) పదార్థాలు మరీ కొంచెం ఉంటాయి, పట్టుకోవడం కష్టం, గ్లూటమేట్ మాత్రం దండిగా ఉంటుంది, పైగా ఆ చక్రంతో ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకుంటా ఉంటుంది, చక్రంలోకి వచ్చిన గుర్తు దీంట్లోనూ కనిపిస్తుంది.

ఇంక తమాషా ఏందంటే, రాగి, చెరుకు, మొక్కజొన్న గాల్లో కార్బన్‌ని పట్టుకునే పద్ధతే వేరు, వాటిల్లో కార్బన్-13 వరి కంటే లక్షకి ఓ పదిహేను పరమాణువులు ఎక్కువ. మిషన్‌కి అంత తేడా చాలు! రాగి సంగటి తిన్నోడి ఊపిరికీ అన్నం తిన్నోడి ఊపిరికీ తేడా పట్టేస్తుంది. అందుకే ఇట్లాంటి టెస్టులకి ముందు మొక్కజొన్న, చెరుకు చక్కెర తినొద్దంటారు. మా చిత్తూరోళ్ళకైతే సంగటీ బెల్లమూ రెండూ బంద్, చిన్నాన్నని మాత్రం పిలవొద్దు, సంగటి లేకుంటే ఆయన అలిపిరి దాకా కూడా రాడు.