మెడికేర్‌లో సర్జన్ ఫీజు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఉండి అమెరికా ఆర్థోపెడిక్ సర్జన్ల బిల్లులకు కోడింగ్ చేస్తాను, అంటే చేసిన వైద్యానికి తగిన కోడ్ నంబర్లు వేస్తాను. అక్కడ స్థిరపడిన బంధువులు మోకీలు మార్పిడి బిల్లు చూసి కంగారుగా ఫోన్ చేస్తుంటారు.

అపోహ: బిల్లులో డబ్బంతా సర్జన్‌కే పోతుంది.

వాస్తవం: ఆస్పత్రికి, మత్తు డాక్టర్‌కు, సర్జన్‌కు మెడికేర్, అంటే ప్రధానంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, విడివిడిగా చెల్లిస్తుంది. మెడికేర్‌తో ఒప్పందమున్న సర్జన్ ఎంత చార్జ్ వేసినా షెడ్యూల్ రేటే, అంటే మెడికేర్ ఫీజుల పట్టికలోని రేటే చెల్లుతుంది. డిడక్టిబుల్ (ముందుగా పేషెంట్ సొంతంగా కట్టాల్సిన మొత్తం) పోగా అందులో 80 శాతం మెడికేర్ ఇస్తుంది. మిగతా 20 శాతం పేషెంట్‌ది, లేదా విడిగా కొనుక్కున్న సప్లిమెంట్ పాలసీది.

అపోహ: ధరలతో పాటు సర్జన్ ఫీజూ పెరుగుతోంది.

వాస్తవం: చదువుకున్నవాళ్లు కూడా ఇదే నమ్ముతారు. 1992 నుంచి ప్రతి ఆపరేషన్‌కూ ఆర్‌వీయూలు, అంటే పాయింట్లు ఉన్నాయి. డాక్టర్ పనికి కొన్ని, ప్రాక్టీస్ ఖర్చుకు కొన్ని, మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో పొరపాటు కేసుల) ఇన్సూరెన్స్‌కు కొన్ని. వాటిని ప్రాంతాన్ని బట్టి సవరించి, కన్వర్షన్ ఫ్యాక్టర్‌తో, అంటే ఒక్కో పాయింట్‌కు ఇచ్చే డాలర్లతో గుణిస్తే ఫీజు వస్తుంది. ఆ ఫ్యాక్టర్ 1998లో 36.69 డాలర్లు, 2025లో 32.35. ఈ మధ్యలో ధరలు ఎంత పెరిగాయో ఇందులో కలపనే లేదు!

నేను రోజూ వేసే 27447 కోడ్, అంటే మోకీలు మార్పిడినే చూడండి. 2021లో దాని పని పాయింట్లను 20.72 నుంచి 19.60కి తగ్గించారు. ప్రాంతం సవరణ లేకుండా చూస్తే, పని భాగానికి 2020లో 748 డాలర్లు వచ్చేవి. 2025కి అది 634 అయింది. 2026లో ఫ్యాక్టర్ 33.40కి పెరిగింది కానీ, ఆపరేషన్ల పని పాయింట్లలో 2.5 శాతం కోత పెట్టారు.

కారణం చట్టంలోనే ఉంది. పాయింట్ల మార్పుల వల్ల ఖర్చు 2 కోట్ల డాలర్లకు మించి పెరిగితే, ఆ మేరకు అందరి రేటూ తగ్గించాలి. 2021లో క్లినిక్ విజిట్ల పాయింట్లు పెంచితే జరిగింది అదే. విజిట్లకు విలువ పెంచడం న్యాయమే. కానీ ఆ డబ్బును ఇంకో డాక్టర్ ఫీజులోంచి కోసి ఇవ్వడం తప్పని నా అభిప్రాయం. ఆస్పత్రుల రేట్లను ఏటా ధరలను చూసి సవరిస్తారు. డాక్టర్ల షెడ్యూల్‌కు ఆ ఏర్పాటు లేదు.

అపోహ: ఆపరేషన్ తర్వాత ప్రతి చెకప్‌కూ సర్జన్‌కు మళ్లీ ఫీజు వస్తుంది.

వాస్తవం: మోకీలు మార్పిడికి 90 రోజుల గ్లోబల్ పీరియడ్, అంటే ఒకే ఫీజు వర్తించే గడువు ఉంది. కుట్లు తీయడం, గాయం చూడడం అన్నీ అదే ఫీజులో కలిసిపోతాయి. కొత్తగా చేరిన కోడర్లు ఈ విజిట్లను విడిగా బిల్ చేస్తే డినయల్ వస్తుంది, అంటే మెడికేర్ ఆ బిల్లును తిరస్కరిస్తుంది. ఆపరేషన్‌తో సంబంధం లేని సమస్యకు చూస్తేనే 24 మాడిఫయర్‌తో (ఆ విజిట్ ఆపరేషన్‌కు సంబంధించినది కాదని చెప్పే, కోడ్‌కు జోడించే గుర్తు) పంపాలి. ఆ సంగతి డాక్టర్ నోట్‌లో స్పష్టంగా ఉండాలి.