డిమ్మర్ తిప్పితే బల్బు ఎందుకు కొట్టుకుంటోంది?

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

హాల్లో డిమ్మర్, అదే వెలుగు పెంచి తగ్గించే స్విచ్, తగ్గిస్తే ఎల్ఈడీ బల్బు కొట్టుకుంటోందనీ, బోర్డులోంచి జుయ్‌మని చప్పుడొస్తోందనీ ఫోన్లో చెప్పారు కదా. బల్బు పాడైందనుకుని పారేయకండి. దాన్ని డిమ్మర్ లేని గదిలో పెడితే చక్కగా వెలుగుతుంది. ఆ బల్బుకీ ఆ డిమ్మర్‌కీ జత కుదరలేదు, అదీ సంగతి.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే అలలా సెకనుకు 100 సార్లు సున్నాకి వచ్చి మళ్లీ లేస్తుంది. మామూలు డిమ్మర్లో ట్రయాక్ అనే చిన్న భాగం ఉంటుంది. అల లేచిన ప్రతిసారీ అది కరెంటును కాసేపు ఆపి, తర్వాత వదులుతుంది. ఎంత ఆలస్యంగా వదిలితే వెలుగు అంత తక్కువ. పాత ఫిలమెంటు బల్బుకు దీనితో ఏ ఇబ్బందీ లేదు. పొయ్యి ఆపినా పెనం వెంటనే చల్లారదు కదా, అలాగే కరెంటు ఆగిన ఆ కాస్త సేపూ తీగ వేడిగానే ఉంటుంది.

ఎల్ఈడీ బల్బు అడుగున డ్రైవర్ అనే సర్క్యూట్ ఉంటుంది. బయట వోల్టేజీ పెరిగినా తగ్గినా లోపల ఒకే తీరున వెలుగు ఉంచడం దాని పని. లో వోల్టేజీ ఉండే ఊళ్లలో ఇది ఎంత మేలో! కానీ డిమ్మర్ అల కోస్తుంటే, మనం వెలుగు తగ్గించమంటున్నామని మామూలు డ్రైవర్‌కు తెలియదు. అందినంత లాక్కుని వెలుగు నిలబెట్టాలని చూస్తుంది, చాలక ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది.

ఇంకో కారణం చాలామంది పట్టించుకోరు. ట్రయాక్ తెరుచుకుని ఉండాలంటే దానిగుండా కొంత కరెంటు పారుతూనే ఉండాలి. 60 వాట్ల బల్బుతో అది సులువు. ఇప్పుడు దాదాపు అంతే వెలుగు 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తోంది. కనీసం 40 వాట్ల లోడు కావాలని డిమ్మర్ మీద రాసి ఉంటే, ఒక్క ఎల్ఈడీ బల్బుతో అది సరిగా నడవదు. అలాగని 400 వాట్ల డిమ్మర్‌కి 40 ఎల్ఈడీలు తగిలించనూ కూడదు. కరెంటు వదిలిన క్షణంలో డ్రైవర్లన్నీ ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి. అందుకే ఎల్ఈడీలకు ఎన్ని వాట్లో విడిగా రాసి ఉన్న డిమ్మరే కొనాలి.

షాపులో ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్ అడగండి. అది అల మొదట్లో కాకుండా చివర్లో కోస్తుంది కాబట్టి కుదుపు తక్కువ, చప్పుడూ తక్కువ. బల్బు పెట్టె మీద డిమ్మబుల్ అని ఉండాలి. ఆ మాట లేకపోతే ఆ బల్బు డిమ్మర్‌కి పనికిరాదనే అనుకోండి. మామూలు సీఎఫ్ఎల్ కూడా పనికిరాదు. ఫోన్‌తో తగ్గించే స్మార్ట్ బల్బుకు మామూలు స్విచ్చే ఉంచాలి. ఫ్యాన్ రెగ్యులేటర్‌ను బల్బుకు వాడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది మోటారు కోసం చేసింది.

ఇక ఈ వైరింగ్ సంగతి నాన్నకు చదివి వినిపించండి. బోర్డు మీరెవరూ ముట్టుకోవద్దు, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. ఫేజ్ వైరు డిమ్మర్‌లోకి వెళ్లి, అక్కణ్నుంచి బల్బు హోల్డర్‌కి పోవాలి. హోల్డర్‌కి న్యూట్రల్ నేరుగా వెళ్తుంది. కొన్ని డిమ్మర్లకు న్యూట్రల్ కూడా కలపాలి, పెట్టెలోని బొమ్మ చూస్తే తెలుస్తుంది.

నాకు ఎక్కువ టెన్షన్ మీ ఇన్వర్టర్ గురించే. ఎంసీబీ అనే రక్షణ స్విచ్ దించగానే కరెంటు పోయిందనుకుంటారు, కానీ లైట్ల లైనుకు ఇన్వర్టర్ నుంచి 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. రెండూ ఆపాలి. ఆపాక టెస్టర్ పెట్టి చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందే కరెంటున్న ప్లగ్‌లో చూసుకోవాలి.

బిగించాక సాయంత్రం దాకా ఆగకుండా కర్టెన్లు వేసి, వెలుగు పూర్తిగా తగ్గించి చూడమనండి. అప్పటికీ కొట్టుకుంటుంటే, కొన్ని డిమ్మర్లకు కనిష్ఠ వెలుగు సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కాస్త పెంచితే చాలు. ఎలక్ట్రీషియన్ వెళ్లిపోకముందే అది కూడా చేయించేయండి.

మీ తాతయ్య