బెంచ్‌ను బలం చేసిన కోచ్: రాసీ ఎరాస్మస్ కథ

2023 ఆగస్టు 25, లండన్‌లోని ట్వికెన్‌హామ్ మైదానం. న్యూజిలాండ్‌తో మ్యాచ్ దగ్గరపడిన వేళ దక్షిణాఫ్రికా సబ్‌స్టిట్యూట్‌ల జాబితాలోంచి విలీ లె రూ తప్పుకున్నాడు. లె రూ బ్యాక్, అంటే బంతి పట్టుకుని ఖాళీ జాగాల్లోంచి పరుగెత్తే ఆటగాడు. అతని బదులు ఇంకో బ్యాక్‌నే తీసుకోవడం రగ్బీలో ఆనవాయితీ. దక్షిణాఫ్రికా మాత్రం క్వాగా స్మిత్ అనే ఫార్వర్డ్‌ను, అంటే బలంతో తోసే ఆటగాణ్ని తీసుకుంది. దాంతో బెంచ్ మీద ఏడుగురు ఫార్వర్డ్‌లు, ఒకే ఒక్క బ్యాక్ మిగిలారు. ఆ రోజు న్యూజిలాండ్ 35–7 తేడాతో ఓడిపోయింది. తన చరిత్రలో అప్పటివరకూ అంత ఘోరంగా ఆ జట్టు ఎప్పుడూ ఓడలేదు.

మర్నాటి నుంచే వాదన మొదలైంది. ఈ 7–1 పద్ధతి ఆట స్ఫూర్తికి విరుద్ధమని కొందరు మాజీ కోచ్‌లు మండిపడ్డారు. అలసిపోయిన వాళ్ల మీదికి ఏడుగురు తాజా బలవంతులను వదలడం ప్రమాదమన్నారు. నిబంధనల్లో లేనిదేదీ చేయలేదు కదా అని మరికొందరు ఎదురు ప్రశ్న వేశారు. ఆ వాదన నేటికీ తెగలేదు. దీని మూలం తెలియాలంటే ఈ పద్ధతి వెనకున్న దక్షిణాఫ్రికా కోచ్ యోహాన్ ‘రాసీ’ ఎరాస్మస్ జీవితాన్ని తిరగేయాలి.

రగ్బీ పరిచయం లేనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. రగ్బీ యూనియన్‌లో జట్టుకు 15 మంది. అందులో 8 మంది ఫార్వర్డ్‌లు, 7 గురు బ్యాక్‌లు. స్క్రమ్ వచ్చినప్పుడు రెండు వైపుల ఫార్వర్డ్‌లూ ఒకరి భుజాలకు ఒకరు భుజాలు ఆనించి ఎదురెదురుగా తోసుకుంటారు. ఆ ముద్దలో 1,600 కిలోలకు పైబడిన బరువు ఉంటుంది. అలా తోసి, లేచి, పరుగెత్తి, మళ్లీ తోసే ఫార్వర్డ్ 50 నిమిషాలకే వడలిపోతాడు. మ్యాచ్ మాత్రం 80 నిమిషాలు సాగుతుంది.

1968 దాకా అంతర్జాతీయ మ్యాచ్‌లో ఆటగాడు గాయపడి బయటికి వెళ్తే అతని చోటు ఖాళీగానే ఉండేది. ఆ ఏడాది నుంచి గాయపడిన వాళ్ల బదులు ఇంకొకరిని దించడానికి ఒప్పుకున్నారు. గాయం లేకపోయినా వ్యూహం కోసం మార్చుకోవచ్చన్న వెసులుబాటు 1996లో వచ్చింది. 2011 ప్రపంచకప్‌లో మ్యాచ్ జట్టు 22 మందిది, 2015కి 23 అయింది. స్క్రమ్ ముందు వరుసలో నిలబడటానికి శిక్షణ లేనివాణ్ని అక్కడ పెడితే మెడ విరిగే ప్రమాదం ఉంది. అందుకే ఆ వరుసకు ప్రత్యేకంగా బదులు ఆటగాళ్లు ఉండాలన్నారు, బెంచ్ పెరిగింది. భద్రత కోసం వచ్చిన ఆ అదనపు చోటునే ఎరాస్మస్ తర్వాత వ్యూహంగా మలిచారు. నేటి వాదనకు ముడి అక్కడే పడింది.

ఎరాస్మస్ 1972 నవంబరులో ఈస్టర్న్ కేప్‌లోని డెస్పాచ్ అనే చిన్న పట్నంలో పుట్టారు. ఆఫ్రికాన్స్ మాట్లాడే శ్వేతజాతి ఇల్లు. అక్కడికి కాస్త దూరంలోనే పోర్ట్ ఎలిజబెత్ నగరం ఉంది. ఇప్పుడు దాని పేరు గెబెర్హా. ఆ నగరం అంచున నల్లజాతివాళ్ల బస్తీ జ్విడె. డెస్పాచ్ పిల్లలూ, జ్విడె పిల్లలూ ఒకే ఆట ఆడేవారు. ఈస్టర్న్ కేప్‌లోని ఖోసా ప్రజల్లో రగ్బీకి వందేళ్లకు మించిన చరిత్ర ఉంది. కానీ వర్ణవివక్ష చట్టాల కింద మైదానాలు వేరు, క్లబ్బులు వేరు. దేశం జెర్సీ మాత్రం ఒక రంగు వాళ్లకే. నాటాల్ చెరకు తోటలకు వలస వెళ్లిన మన తెలుగువాళ్ల సంతతి కూడా ఆ చట్టం లెక్కలో శ్వేతేతరులే. దేశం తరఫున ఎవరిని ఆడనివ్వాలన్నది అక్కడ రాజ్యం తేల్చిన ప్రశ్న. ఆ వివక్ష కారణంగానే 1987, 1991 ప్రపంచకప్‌లకు దక్షిణాఫ్రికాను రానివ్వలేదు. 1995లో సొంతగడ్డ మీద ఆడి గెలిచిన జట్టులో శ్వేతేతరుడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే.

అదే 1995 ఆగస్టులో రగ్బీ యూనియన్ ప్రొఫెషనల్ ఆటగా మారింది. ఎరాస్మస్ ఆ మార్పు తర్వాత అంతర్జాతీయ మైదానంలోకి వచ్చిన తొలితరం వాడు. 1997లో బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టయిన బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్‌తో జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో జరిగిన మూడో టెస్టు ఆయనకు మొదటిది. రగ్బీలో అంతర్జాతీయ మ్యాచ్‌నే టెస్టు అంటారు. సిరీస్ అప్పటికే చేజారింది. మ్యాచ్ మాత్రం 35–16తో గెలిచారు. ఫ్లాంకర్‌గా ఆడేవారు. స్క్రమ్ పక్క నుంచి విడివడి బంతి ఎక్కడుంటే అక్కడికి ముందుగా చేరుకోవాల్సిన స్థానం అది. కండబలంతో పాటు చూపు కూడా కావాలి.

ఆయన ఆడిన రోజుల్లో దక్షిణాఫ్రికా వరుసగా 17 టెస్టులు గెలిచింది. 1999లో ఒక మ్యాచ్‌కు ఆయన కెప్టెన్‌గా ఉన్నారు. ఆ ఏడాది ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో అదనపు సమయంలో ఓడిన జట్టులోనూ ఉన్నారు. 2001 నాటికి 36 టెస్టులతో అంతర్జాతీయ కెరీర్ ముగిసింది. గాయాలు వేధించడంతో మరికొద్ది కాలానికి ఆటే మానేశారు. ఆటగాడిగా ఉన్నప్పుడే కంప్యూటర్లో ప్రత్యర్థుల వీడియోలు ముక్కలు ముక్కలుగా చూసే అలవాటు ఆయనది. శరీరం సహకరించని రోజున ఆ అలవాటే బతుకుదెరువైంది.

2004లో తాను ఆడిన ఫ్రీ స్టేట్ జట్టుకే కోచ్ అయ్యారు. నిన్నటిదాకా పక్కన నిలబడి ఆడినవాళ్లకు ఈరోజు ‘నువ్వు బయట కూర్చో’ అని చెప్పాలి. 2005లో ఆ జట్టు ప్రిటోరియా వెళ్లి బ్లూ బుల్స్‌ను వాళ్ల మైదానంలోనే 29–25తో ఓడించి దక్షిణాఫ్రికా దేశవాళీ టోర్నీ కరీ కప్ గెలిచింది. 1976 తర్వాత ఫ్రీ స్టేట్‌కు దక్కిన మొదటి కరీ కప్ అది. మరుసటేడు ఫైనల్ అదనపు సమయం తర్వాత కూడా 28–28తో సమం కావడంతో కప్పును ఇద్దరూ పంచుకున్నారు. ఆ రోజుల్లో ఆయన స్టేడియం పైకప్పు ఎక్కి కూర్చునేవారు. రంగురంగుల లైట్లు వెలిగించి మైదానంలోకి సంకేతాలు పంపేవారు. చూసినవాళ్లు వింతగా చెప్పుకున్నారు. ఆ లైట్లే 2023 ప్రపంచకప్‌లో మళ్లీ కనిపించాయి.

ఫ్రీ స్టేట్ జట్టు ఊరు బ్లూమ్‌ఫాంటేన్‌లోనే ఆయన వెంట ఒక ఫిజియోథెరపిస్టు ఉండేవారు, పేరు జాక్ నీనాబర్. ఎరాస్మస్ ఎక్కడికి వెళ్తే నీనాబర్ అక్కడికి వెళ్లారు. క్రమంగా ఫిజియో బాధ్యతల నుంచి డిఫెన్స్ కోచింగ్‌లోకి మారారు. నా అంచనాలో బెంచ్ ఆలోచన బలపడింది ఈ జోడీ వల్లే. ఒకరు ఆటను వీడియో ముక్కల్లో చూసినవాడు. ఇంకొకరు మనిషి కండరం ఏ నిమిషానికి లొంగిపోతుందో చేత్తో తడిమి తెలుసుకున్నవాడు.

ఆ తర్వాత కేప్‌టౌన్ వెళ్లి స్టార్మర్స్, వెస్టర్న్ ప్రావిన్స్ జట్లను చూసుకున్నారు. జ్విడెలో నానమ్మ దగ్గర పెరిగి, స్కాలర్‌షిప్ మీద గ్రే హైస్కూల్లో చదువుకున్న సియా కొలిసి అనే కుర్రాడు అప్పుడే వెస్టర్న్ ప్రావిన్స్ యువజట్టులోకి వచ్చాడు. అతన్ని ఎరాస్మస్ అప్పటినుంచే ఎరుగుదురు.

2016లో ఐర్లండ్‌లోని మన్‌స్టర్ జట్టుకు డైరెక్టర్‌గా వెళ్లారు. అక్కడ హెడ్ కోచ్ ఆంథొనీ ఫోలీ. మన్‌స్టర్‌కు సొంత బిడ్డలాంటి మాజీ ఆటగాడు. ఆ అక్టోబరు 16న పారిస్‌లో, మ్యాచ్ ఆడాల్సిన రోజునే, హోటల్ గదిలో నిద్రలోనే ఫోలీ కన్నుమూశారు. ఆరు రోజుల తర్వాత సొంత మైదానం థొమండ్ పార్క్‌లో గ్లాస్గోతో ఆడాల్సి వచ్చింది. మొదటి సగంలోనే మన్‌స్టర్ ఆటగాడికి రెడ్ కార్డ్ పడింది. 14 మందితోనే 38–17తో గెలిచారు. పరాయి దేశం నుంచి వచ్చి కొన్ని నెలలైనా కాని మనిషి, దుఃఖంలో ఉన్న ఊరి జట్టును ఆ సీజన్ చివరికి లీగ్ ఫైనల్ దాకా నడిపించారు. ట్రోఫీ రాలేదు. అయినా ఆయన కెరీర్‌లో ఈ ఏడాదినే నేను అన్నిటికంటే ఎక్కువగా తలచుకుంటాను.

అదే కాలంలో స్వదేశంలో జట్టు కుప్పకూలింది. 2016లో డర్బన్‌లో న్యూజిలాండ్ చేతిలో 57–15, ఆ తర్వాత ఇటలీ చేతిలో ఎన్నడూ లేని ఓటమి. 2017లో న్యూజిలాండ్ చేతిలో మళ్లీ 57–0, డబ్లిన్‌లో ఐర్లండ్ చేతిలో 38–3. ఆ రెండేళ్లలో 25 టెస్టులు ఆడి 11 మాత్రమే గెలిచారు. 2018 మార్చిలో ఎరాస్మస్ హెడ్ కోచ్ అయ్యారు. ప్రపంచకప్‌కు ఏడాదిన్నర మాత్రమే ఉంది.

ఆయన చేసిన తొలి పనుల్లో ఒకటి కొలిసిని కెప్టెన్‌ను చేయడం. దక్షిణాఫ్రికా టెస్టు జట్టుకు మొదటి నల్లజాతి కెప్టెన్ అతనే. 2018 జూన్ 9న ఎల్లిస్ పార్క్‌లో ఇంగ్లండ్‌తో ఆడారు. ఎరాస్మస్ ఆటగాడిగా తొలి టెస్టు ఆడిన మైదానమే అది. కాసేపటికే 24–3తో వెనకబడ్డారు. ఈ ప్రయోగం విఫలమవ్వాలని ఎదురుచూసేవాళ్లకు ఆ స్కోరు చాలు. చివరికి 42–39తో గెలిచారు. ఆ ఏడాది 14 మ్యాచ్‌ల్లో 7 గెలుపులు, 7 ఓటములు. అందులో వెల్లింగ్‌టన్‌లో న్యూజిలాండ్‌ను 36–34తో ఓడించడమూ ఉంది.

2019 జపాన్ ప్రపంచకప్‌లో బెంచ్ ఆలోచన లోకానికి తెలిసింది. బెంచ్ మీద ఆరుగురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు బ్యాక్‌లు. ఆ ఆరుగురూ తమకు తాము ‘బాంబ్ స్క్వాడ్’ అని పేరు పెట్టుకున్నారు. రెండో సగంలో వాళ్లు కలిసికట్టుగా దిగేవారు. తుది 15లో చోటు దక్కలేదన్న చిన్నబోవడం పోయి, ముగించాల్సినవాళ్లం మేమేనన్న గర్వం వచ్చింది. యొకొహామా ఫైనల్లో ఇంగ్లండ్‌ను 32–12తో ఓడించారు. గ్రూపు దశలో మ్యాచ్ ఓడిపోయి కూడా కప్ గెలిచిన మొదటి జట్టు అదే. ఆ ఫైనల్ మొదలుపెట్టిన 15 మందిలో ఆరుగురు నల్లజాతి ఆటగాళ్లు. 1995లో ఒక్కడు, 2007 ఫైనల్లో ఇద్దరు ఉన్న చోట ఆరుగురు. ఒత్తిడి గురించి అడిగితే, మా దేశంలో ఒత్తిడి అంటే ఉద్యోగం లేకపోవడం, అయినవాళ్లు హత్యకు గురికావడం, రగ్బీ ఒత్తిడి కాకూడదు, ఆశ కావాలి అనే అర్థంలో ఎరాస్మస్ జవాబిచ్చారు.

2021 అధ్యాయం మాత్రం ఆయన్ని ఇష్టపడే నాలాంటివాళ్లకూ మింగుడుపడదు. అప్పటికి నీనాబర్ హెడ్ కోచ్, ఎరాస్మస్ డైరెక్టర్. లయన్స్‌తో తొలి టెస్టులో ఓడాక, రిఫరీ తప్పులని తాను అనుకున్నవాటిని ఏకరువు పెడుతూ గంటకు పైగా సాగే వీడియో చేశారు. అది బయటికొచ్చింది. రిఫరీ మీద అభ్యంతరాలు చెప్పడానికి వేరే దారి ఉంది. ఒక మనిషిని అలా లోకం ముందు నిలబెట్టడం తప్పు. ప్రపంచ రగ్బీ సంస్థ ఆయన్ని రెండు నెలలు రగ్బీకి పూర్తిగా దూరం పెట్టింది. 2022 సెప్టెంబరు చివరిదాకా మ్యాచ్ రోజుల్లో జట్టు దగ్గరికి రానివ్వలేదు. 2022 నవంబరులో సోషల్ మీడియా రాతల వల్ల మరో రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. నీళ్లు అందించేవాడిగా మైదానం అంచున ఆయన నిలబడ్డ తీరు చూశాక, హెడ్ కోచ్‌లు, డైరెక్టర్లు ఆ పని చేయకూడదని నిబంధనే మార్చారు. లయన్స్ సిరీస్ మాత్రం 2–1తో దక్షిణాఫ్రికాదే. ఆటగాడిగా చేజారింది 24 ఏళ్ల తర్వాత చేతికొచ్చింది.

ఇక 2023. ఫ్రాన్స్‌పై 29–28, ఇంగ్లండ్‌పై 16–15, ఫైనల్లో న్యూజిలాండ్‌పై 12–11. నాకౌట్‌లో మూడు మ్యాచ్‌లూ ఒక్కో పాయింటు తేడాతోనే. 7–1 వాదనలో చాలామంది మరిచిపోయే సంగతి ఈ ఫైనల్లోనే ఉంది. స్క్రమ్ నడిమధ్య నిలబడే హుకర్ మాల్కమ్ మార్క్స్ టోర్నీ మధ్యలోనే గాయపడ్డాడు. అతని చోటులో ఇంకో హుకర్‌ను పిలవకుండా పెనాల్టీ కిక్‌లు కొట్టే హాండ్రే పొలార్డ్‌ను పిలిచారు. ఫైనల్ మొదలై నాలుగు నిమిషాలు కాకముందే మిగిలిన హుకర్ బొంగి ఎంబొనాంబి కూడా గాయంతో వెళ్లిపోయాడు. 37 ఏళ్ల డియాన్ ఫూరీ మిగతా మ్యాచ్ అంతా ఆ చోటులో నెట్టుకొచ్చాడు. లైనవుట్‌లు, అంటే బయటికి పోయిన బంతిని హుకర్ తిరిగి లోపలికి విసిరే ఘట్టాలు, దెబ్బతిన్నాయి. స్కోరు చేసిన 12 పాయింట్లూ పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీలే. ఏడుగురు ఫార్వర్డ్‌లను పెట్టుకున్నవాడికి ముప్పు ఏమీ లేదనుకోవడం పొరపాటు. ఇద్దరు బ్యాక్‌లు గాయపడితే ఆ జట్టు పనైపోయినట్టే. ఆ జూదం వాళ్లే ఆడుతున్నారు.

అలసిన ఆటగాడి భద్రత గురించిన అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేం. బెంచ్ పెంచిందే భద్రత కోసం కాబట్టి ఆ ప్రశ్నకు వైద్యులు జవాబు చెప్పాలి, ఓడిన జట్టు అభిమానులు కాదు.

నీనాబర్ ఐర్లండ్ వెళ్లిపోయాక 2024లో ఎరాస్మస్ మళ్లీ హెడ్ కోచ్ అయ్యారు. 2025 సెప్టెంబరులో వెల్లింగ్‌టన్‌లో సగం మ్యాచ్‌కు 10–7తో ముందున్న న్యూజిలాండ్, రెండో సగంలో ఒక్క పాయింటూ చేయలేక 43–10తో ఓడింది. 2023 నాటి రికార్డు ఓటమిని ఇది చెరిపేసింది.

ఆ నవంబరు 8న పారిస్‌లో ఫ్రాన్స్‌తో కొలిసికి 100వ టెస్టు. మొదటి సగం ముగియకముందే లూడ్ డి యాగర్‌కు రెడ్ కార్డ్ పడి జట్టు 14 మందికి కుదించుకుపోయింది. విరామంలో స్కోరు 14–13, ఫ్రాన్స్ ముందుంది. ఎరాస్మస్ తీసిన ఆటగాళ్లలో కొలిసి ఒకడు. తానే కెప్టెన్‌ను చేసినవాణ్ని, వందో టెస్టు రోజున, 40 నిమిషాలకే బెంచ్ మీద కూర్చోబెట్టారు. మిగతా సగం కొలిసి మైదానం బయటి నుంచి చూశాడు. దక్షిణాఫ్రికా 32–17తో గెలిచింది.